తాళం లేని కాలు

అరవై ఒకటో ఏట తెల్లవారుజామున మూడున్నరకి అలారం పెట్టుకుని లేచే మనిషిని చూస్తే ఎవరికైనా జాలి వెయ్యాలి. మా ఆవిడ రాజ్యలక్ష్మికి మాత్రం వెయ్యదు. "ఆ అలారం మీకెలాగూ వినపడదు. లేచి మిమ్మల్ని లేపేది నేను. ఇంక అది పెట్టడం ఎందుకండీ?" అంటుంది, దుప్పట్లోంచి మొహం కూడా బయటపెట్టకుండా.

ఆవిడ వేళాకోళానికి అంటుంది. అది నిజమని ఆవిడకి తెలీదనుకునేవాణ్ణి. నాకు సన్నటి చప్పుళ్లు వినపడటం మానేసి ఏడాది దాటింది. మాటలు వినిపిస్తాయి, బస్సు హారను వినిపిస్తుంది, పక్కింటాయన దగ్గు నిక్షేపంగా వినిపిస్తుంది. సన్నగా, పైస్థాయిలో పలికేవి మాత్రం పోయాయి. కిందటేడు వానాకాలంలో ఓ సాయంత్రం "ఈ ఏడు దోమలు తగ్గాయే" అన్నాను. రాజ్యలక్ష్మి చేతులు గోక్కుంటూ నావంక వింతగా చూసింది. నా చేతులు చూసుకుంటే నిండా దద్దుర్లు. దోమలు ఎక్కడికీ పోలేదు, వాటి పాట నాదాకా రావడం లేదంతే.

ఇంకొకరికైతే ఇదో పెద్ద సంగతి కాదు. దోమ పాట వినకపోతే ఎవరికీ కొంప మునగదు. కానీ నేను పక్షుల్ని చూపించే గైడుని. రాజాం హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు నేచురల్ సైన్సు చెప్పి రిటైరయ్యాక, కళింగపట్నంలో బీచి పక్కనున్న రిసార్టువాళ్లు పిలిచి ఈ పని ఇచ్చారు. శీతాకాలం వచ్చిందంటే శని, ఆదివారాలు వాళ్ల అతిథుల్ని పడవెక్కించి, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర తిప్పి, పిట్టల్ని చూపించి తీసుకురావాలి. రెల్లులో దాక్కున్న పిట్ట కంటికి కనపడదు. ముందు చెవికి దొరకాలి, తర్వాతే కంటికి.

ఆ చెవి నాకు మా నాన్నగారు ఇచ్చింది. వేంకటాచలం గారంటే గుడిలో పాడటానికి పుట్టిన మనిషని మా విజయనగరంలో అనేవారు. నాకు గొంతు రాలేదు. నాలుగేళ్లు నేర్పి, "నీ గొంతు నీదగ్గరే ఉంచుకోరా, చెవి మాత్రం బంగారం" అని వదిలేశారు. ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున అరుగు మీద కూర్చోబెట్టి, ఏ పిట్ట ఏ స్వరంలో కూసిందో చెప్పించేవారు. తప్పు చెబితే తొడపాశం. ఆయన్నించి నాకు పొలం రాలేదు, పాట రాలేదు, వచ్చింది ఆ చెవి ఒక్కటే. అది పోయిందని బయటికి తెలిసిన రోజున నేను గైడుని కాను. గైడుని కాకపోతే ఇంకేమిటో ఆలోచించుకునే ఓపిక కూడా నాకు లేదు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

విచిత్రం ఏమిటంటే, చెవి పోయినా పని ఆగలేదు. పిట్టలు కనపడుతూనే ఉన్నాయి. అలవాటయిన చోటు కదా, కళ్లు వాటంతటవే వెతుక్కుంటున్నాయి అనుకున్నాను. అనుభవం అంటే ఇదేనని గర్వం కూడా పడ్డాను. నాకు బాధల్లా గంగులు కాలు ఒక్కటే.

గంగులు మా పడవ మనిషి. యాభై దాటాయి, చేపల వేటకి పుట్టిన ఒళ్లు. మొగ దాకా ఇంజను మీద తీసుకొస్తాడు. అక్కణ్ణుంచి ఇంజను ఆపేసి, వెనక నిలబడి గెడ వేసి నెడతాడు. మంచివాడే. కానీ ఆ కాలు కుదురుగా ఉండదు. ఉండీ ఉండీ మడమతో పడవ పలక మీద ఠక్కుమని తన్నుతాడు. ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క. ఒకటేదో వరసలో తన్నితే తాళమని సరిపెట్టుకోవచ్చు. దానికి వరసా లేదు, వేళా లేదు. ముందు బల్ల మీద కూర్చున్న నాకు ఆ దెబ్బ నడ్డిలోంచి నెత్తికెక్కేది. సంగీతం ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, తాళం తప్పితే ఒళ్లు మండిపోతుంది. ప్రతిసారీ తిట్టడానికి ఆ పక్కకి తిరిగేవాణ్ణి.

"ఏవిటయ్యా గంగులూ, ఆ కాలికి జ్వరం వచ్చిందా?"

"అలవాటైపోనాది మేస్టారూ," అని తల గోక్కునేవాడు.

ఏడాది పాటు ఓర్చుకున్నాను. మొన్న శుక్రవారం సాయంత్రం ఇంక ఓర్చుకోలేక, రిసార్టు మేనేజరు నవీన్‌కి ఫోన్ చేసి చెప్పాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, నిద్ర చాలడం లేదు, ఆ చిరాకంతా గంగులు మీద పడింది. ఆ కాలు చప్పుడుకి పిట్టలు బెదిరిపోతున్నాయి, పడవ మనిషిని మార్చమన్నాను. నవీన్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దానిదేముంది సార్. బాబీ కొత్త పడవ కొన్నాడు, అడుగుతున్నాడు కూడా. రేపటికి గంగులు చేస్తాడు, ఆదివారం నుంచి బాబీ." ఫోన్ పెట్టేశాక కొంచెం గుచ్చుకుంది. మొగంతా తెలిసిన మనిషి, వయసులో ఉన్నవాడికి చోటిచ్చి ఒడ్డున కూర్చుంటాడు. అయినా నా సుఖం నేను చూసుకోవద్దా అనుకుని పడుకున్నాను.

మర్నాడు శనివారం. మొదటి బస్సు దిగి ఒడ్డుకి నడిచేసరికి తూర్పు తెల్లబడుతోంది. గంగులు పెళ్లాం బుల్లమ్మ అప్పటికే ఇసకలో పట్టాలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది. కాకుల్నీ గద్దల్నీ తోలడానికి చేతిలో ఓ పొడుగాటి కర్ర. రోజూ నన్ను చూడగానే ఒక మాట విసురుతుంది. "నానిక్కడ పిట్టల్ని తోలీలేక సస్తన్నాను, మీరేటి మేస్టారూ, పొద్దున్నే ఆటిని ఎతుక్కుంటా పోతన్నారు!" నేను నవ్వుతాను, ఆవిడ నవ్వుతుంది. ఆ పూట మాత్రం నన్ను చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకుని, లేని కాకి మీదికి కర్ర విసిరింది. పనిలో ఉంది కాబోలు అనుకున్నాను.

అతిథులు హైదరాబాదు నుంచి వచ్చిన జంట. అబ్బాయి కామేష్, అమ్మాయి చరిత. మూడు రోజుల సెలవు మీద వచ్చారు. అబ్బాయి కళ్లు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. అమ్మాయి మాత్రం చలాకీగా ఉంది. మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో కర్రకి బిగించిన మైకు. ఆ మైకుకి పైన బొచ్చు తొడుగు.

"దానికి చలేస్తోందా అమ్మా, కోటు తొడిగారు?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "గాలి చప్పుడు పడకుండా సార్. నాకు ఫొటోలు అక్కర్లేదు. గొంతులు కావాలి. మీరు చెవితోనే పిట్టని పట్టేస్తారని నవీన్ గారు చెప్పారు. అందుకే ఇక్కడికి వచ్చాం."

ఇన్నాళ్లూ అందరూ పెద్ద పెద్ద కెమెరాలు పట్టుకుని వచ్చారు. ఫ్లెమింగోలు వస్తాయా, ఇవన్నీ సైబీరియా నుంచేనా, ఆ రెండు ప్రశ్నలు అడిగి ఫొటోలు తీసుకుని పోయారు. గొంతుల కోసం వచ్చినవాళ్లు ఈ ఏడాదిలో వీళ్లే. కడుపునొప్పి వంక పెట్టి వెనక్కి పోదామా అని కూడా తోచింది. పడవ అప్పటికే నీళ్లలో ఉంది.

ఇంజను మీద మొగ దాకా వెళ్లాం. సముద్రం అవతల హోరుమంటోంది, ఇవతల నది నిద్రపోతున్నట్టు ఉంది. మధ్యన ఇసక తిన్నె, ఈ పక్కన రెల్లు, మొగలి పొదలు. గంగులు ఇంజను ఆపి గెడ అందుకున్నాడు. రెండు నిమిషాలకే ఎడమ పలక మీద ఠక్కుమంది. విసుగ్గా ఎడమకి తిరిగాను. బురద మీద తోకాడిస్తూ ఉల్లంకి పిట్ట.

"అదిగోనమ్మా, ఉల్లంకి. ఇంగ్లీషులో కామన్ శాండ్‌పైపర్ అంటారు," అన్నాను, తిట్టబోయిన తిట్టు ఆపుకుని.

"అబ్బ, ఎంత త్వరగా పట్టేశారు సార్!" అంది చరిత. మైకు అటు తిప్పింది. మళ్లీ కుడి పలక మీద ఠక్కుమంది. కుడికి తిరిగాను, మొగలి పొద అంచున ఓ తేనెపిట్ట. అది కూడా చెప్పాను. కామేష్ నిద్రమొహం కొంచెం విచ్చుకుంది.

అప్పుడు చరిత హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగింది. "గంగులు గారూ, ఏమీ అనుకోకండి. మీ కాలి చప్పుడు రికార్డింగులో పడిపోతోంది. కొంచెం ఆపుతారా?"

గంగులు ఆ అమ్మాయి వంక చూశాడు, నా వంక చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. "అలగేనమ్మా," అన్నాడు.

నాకు లోపల పండగైపోయింది. నేను ఏడాదిగా చెప్పలేక చచ్చిన మాట, ఈ అమ్మాయి ఒక్క నవ్వుతో చెప్పేసింది. హమ్మయ్య, ఇంక హాయిగా కూర్చుని పిట్టల్ని చూడొచ్చు అనుకుని కాళ్లు చాపుకున్నాను.

ఆ తర్వాత అరగంట సేపు నాకు ఒక్క పిట్ట కనపడలేదు.

ఇలా ఎన్నడూ జరగలేదు. ఎడమకి చూస్తే రెల్లు, కుడికి చూస్తే రెల్లు. దూరాన నిలబడ్డ కొంగలు తప్ప ఏమీ లేవు. వాటిని చూపించడానికి గైడు ఎందుకు, కళ్లుంటే చాలు. దూరదర్శిని కళ్ల దగ్గర పెట్టుకుని, ఏదో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాను. ఇవాళ గాలి పడమర నుంచి ఉందన్నాను. ఆటుపోట్ల తేడా అన్నాను. ముప్ఫై రెండేళ్లు పిల్లల ఎదుట నిలబడ్డ నోరు కదా, కారణాలకి కరువు లేదు.

"సార్," అన్నాడు కామేష్, ఫోను పైకెత్తి. "ఇందులో యాప్ ఉంది. కూత విని పేరు చెప్పేస్తుంది. ఈ పది నిమిషాల్లో ఐదు పిట్టలంటోంది. ఇప్పుడు కింగ్‌ఫిషర్ అంటోంది."

లకుముకి పిట్ట. దాని కూత సూదిమొనలా సన్నగా ఉంటుంది. చిన్నప్పుడు నాన్నగారి ఎదుట నేను మొట్టమొదట తప్పు లేకుండా చెప్పింది దాన్నే. చెవి నిక్కించాను. సముద్రం హోరు, గెడ నీళ్లలో దిగే చప్పుడు, కామేష్ ముక్కు ఎగబీల్చడం. అంతే.

"అదిగో మళ్లీ!" అంది చరిత, హెడ్‌ఫోన్లు రెండు చేతులా పట్టుకుని. "చీ చీ అని సన్నగా. లకుముకే కదా సార్?"

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. "అబ్బే, కాదమ్మా," అన్నాను. "రెల్లు ఆకులు రాసుకుంటే అలాగే వినిపిస్తుంది. కొత్తవాళ్లు మోసపోతారు. ఫోన్లకేం తెలుసండీ, ఏ చప్పుడైనా పిట్టే అంటాయి."

కామేష్ వంకరగా నవ్వి ఊరుకున్నాడు. చరిత మాత్రం వెనక్కి తిరిగింది. "గంగులు గారూ, మీకు వినపడలేదా?"

గంగులు గెడ ఆపేశాడు.

"నేదమ్మా," అన్నాడు నీళ్ల వంక చూస్తూ. "నాకేటీ ఇనపళ్లేదు. మేస్టారు సెప్పిందే నిజం."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అయితే నా మైకులోనే ఏదో తేడా ఉన్నట్టుంది. ఇది చెరిపేస్తాను," అని మీట మీద వేలు పెట్టింది.

పదేళ్ల వయసు నుంచీ వేటకి పోతున్నవాడికి, గాలి వాసన చూసి చేప ఉందో లేదో చెప్పేవాడికి, ఆ కూత వినపడకపోవడం ఏమిటి? నేను వెనక్కి తిరిగి చూశాను. గంగులు కుడి మడమ పలకకి జానెడు ఎత్తున గాలిలో ఉంది. దించబోయి ఆపుకుని, కాలివేళ్లతో పలకని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. పిక్క వణుకుతోంది. కళ్లు మాత్రం కుడిపక్కన ఉన్నాయి.

ఆ కళ్లు ఉన్న వైపు చూశాను. నీళ్లలో పాతిన వలకర్ర ఒకటి. దాని కొన మీద, పది బారల దూరంలో, నీలంగా మెరుస్తూ లకుముకి పిట్ట. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. తెరుస్తోంది, మూస్తోంది. నాకు ఒక్క చుక్క చప్పుడు లేదు.

అప్పుడు నాకు ఏడాదంతా ఒక్కసారి అర్థమైంది. ఎడమ మడమ పడితే ఎడమకి తిరిగేవాణ్ణి, కుడి మడమ పడితే కుడికి. తిరిగింది తిట్టడానికే, కానీ తిరిగిన ప్రతిసారీ అక్కడ పిట్ట ఉండేది. నా అనుభవం, నా కళ్లు, నా గర్వం, అన్నీ ఆ మడమే. ఛీ, నా బతుకు! ఆ మనిషిని నిన్న నేనే తీసేయించాను.

"చెరపకండమ్మా," అన్నాను. "మీ మైకు బాగానే ఉంది. అది లకుముకే. అదిగో, వలకర్ర మీద. నాకు వినపడలేదు. వినపడక ఏడాది దాటింది."

కామేష్ మెల్లిగా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"గంగులుకి వినపడింది. నా పరువు కోసం లేదన్నాడు. ఇందాక మీరు ఆపమన్న కాలు చూశారూ? ఏ పక్కన పిట్ట కూస్తే ఆ పక్క పలక తడతాడు. అది ఆగిపోయిన దగ్గర్నించీ నాకు దిక్కు లేకుండా పోయింది."

"ఏటి మేస్టారూ, అయ్యేటి మాటలు, గెస్టుల కాడ!" అన్నాడు గంగులు, దొంగతనం బయటపడ్డవాడిలా కంగారుపడుతూ. "అదేటి కాదమ్మా, నాకు కాలు తిమ్మిరి..."

"అబద్ధం చెప్పకు గంగులూ. నీకు చేతకాదు."

చరిత హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది. నన్ను ఓదార్చలేదు, అందుకు ఆ పిల్లకి రుణపడి ఉంటాను. వెనక్కి తిరిగి, "గంగులు గారూ, మీరు కాలు తట్టండి," అంది. "రికార్డింగులో పడితే పడనీయండి. అది కూడా ఇక్కడి చప్పుడే."

గంగులు నా వంక చూశాడు. నేను తల ఊపాను. గాల్లో ఉన్న మడమ దిగి కుడి పలక మీద ఠక్కుమంది. లకుముకి ఎగిరి నీళ్లలో మునిగి, చిన్న చేపతో పైకొచ్చింది. ఆ తర్వాత రెండు గంటల్లో పదిహేడు రకాల పిట్టల్ని చూశాం. తట్టిందంతా అతను, పేర్లు చెప్పింది నేను. కామేష్ కూడా ఎడమా కుడీ తిరగడం మొదలుపెట్టాడు.

తిరుగు దారిలో నేను ముందు బల్ల వదిలి, గంగులు పక్కకి వచ్చి కూర్చున్నాను. ఇంజను చప్పుడులో మా మాటలు వాళ్లకి వినపడవు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"పోయిన కార్తీకం కాడి నుంచీ. ఉల్లంకుల మంద మన నెత్తిమీంచి అరుసుకుంటా ఎల్లిపోనాది. మీరేమో తలొంచుకుని కళ్లద్దాలు తుడుసుకుంటన్నారు. అప్పుడే నాకు తెలిసిపోనాది."

"కాలితో చెప్పడమేమిటి? ఎక్కడిదా అలవాటు?"

"వల కాడ మాటాడకూడదు గదా మేస్టారూ, సేప బెదిరిపోద్ది. ఎనక ఉన్నోడు కాలితోనే సెప్తాడు. సేప ఏ పక్కకి తిరిగితే ఆ పక్క పలక కొడతాడు. మా నాయిన కాడి నుంచీ అంతే. మీకూ అలగే సెప్దామనుకున్నాను. మీరు తిట్టడానికి తిరిగినా సరే, తిరగడం గావాల గదా."

"నోటితో ఒక్క మాట చెబితే పోయేదిగా?"

అతను చుక్కాని ఒడ్డు వైపు తిప్పాడు. "సెప్తే మీరు మానీసి ఇంటికాడ కూకుంటారు. మా నాయిన సూపు ఆనక వల మానీసి కూకున్నాడు. రెండేళ్లు బతకనేదు. మీకలగ అవ్వకూడదని."

ఇంక దాచుకుని లాభం లేదు. "గంగులూ, నేనొక వెధవ పని చేశాను. నిన్న నవీన్‌తో..."

"తెలుసు మేస్టారూ. బాబీ నా సెల్లెలి కొడుకే గదా. నిన్న సాయంత్రమే వొచ్చి సెప్పినాడు. మా ఇంటిది మీ మీద కోపంగా ఉన్నాది, పట్టించుకోకండి."

"తెలిసీ ఇవాళ పొద్దున్న కాలు తట్టావా?"

"మరేటి సేస్తాను? ఇయాల్టి వరకూ పడవ నాదే గదా."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. నన్ను సాధించడానికి అనలేదు. సాధించినా బాగుండేది, ఒకటి రెండు తిట్లు తినేసి తేలికపడేవాణ్ణి.

ఒడ్డున దిగగానే కాళ్ల నొప్పులు కూడా చూసుకోకుండా నవీన్ గదికి నడిచాను. గంగులు వద్దు వద్దంటూ వెనకే వచ్చాడు. నవీన్ ముప్ఫై ఏళ్లవాడు, మర్యాద తెలిసినవాడే, తీరిక మాత్రం ఉండదు.

"నిన్న చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను నవీన్. గంగులునే ఉంచు."

"అదెలా సార్? బాబీకి మాటిచ్చేశాను. కాలి చప్పుడుకి పిట్టలు బెదురుతున్నాయని మీరే కదా చెప్పారు?"

"ఆ కాలే లేకపోతే నేను గైడుని కాను," అన్నాను. అక్కడితో ఆగిపోవచ్చు. ఆగితే ఇతనికి అర్థం కాదు, గంగులు పడవ మిగలదు. "నాకు పిట్టల కూతలు వినపడటం లేదు. ఏడాదయింది. నీకు చెప్పకుండా దాచాను. ఈ ఏడాది మీ గెస్టులకి పిట్టల్ని చూపించింది గంగులు."

నవీన్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. నన్నూ, గుమ్మంలో నిలబడ్డ గంగుల్నీ మార్చి మార్చి చూశాడు. కోపం లేదు, ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన ఎక్కడికి పోతుందో నాకు పడవలోనే తెలుసు.

"అయితే సార్..." అన్నాడు ఇబ్బందిగా. "తప్పుగా అనుకోకండి. అలాగైతే ఇంక మీరెందుకు?"

ఏడాదిగా నేను భయపడుతున్న ప్రశ్న అదే. అడిగేశాక అంత భయంగా అనిపించలేదు. అలసటగా అనిపించింది, అంతే. "నిజమే," అన్నాను.

"నిజమేటి, ఏటి నిజం?" అన్నాడు గంగులు, గుమ్మం దాటి లోపలికొచ్చి. ఆ గదిలో అతను గొంతెత్తడం నేను ఎప్పుడూ వినలేదు. "నాకు పిట్ట ఎక్కడున్నాదో తెలుస్తాది గానీ అదేటో నాకు తెల్దు. ఆ పిట్ట ఏ దేశం నుంచి వొచ్చినాది, ఏటి తింటాది, గెస్టులు ఇంగిలీసులో అడిగితే నానేటి సెప్తాను? మేస్టారు నేకపోతే నాను రాను. బాబీనే ఎట్టుకోండి."

నవీన్ నుదురు రుద్దుకున్నాడు. "సరే, సరే. ఈ సీజను అయ్యేదాకా ఇద్దరూ కలిసే చెయ్యండి. బాబీకి నేను చెప్పుకుంటాను. వచ్చే ఏటికి గంగులు పేర్లన్నీ నేర్చుకుంటే..." అని ఆగిపోయాడు. మిగతాది అతను అనలేదు, నాకు అక్కర్లేదు కూడా.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాజ్యలక్ష్మికి చెప్పేశాను. ఆవిడ కంచంలో చెయ్యి ఆపి, "ఇప్పుడా చెబుతున్నారు? దోమల రోజునే నాకు అనుమానం వచ్చింది," అంది. పడుకోబోతూ మాత్రం, "మూడున్నరకి నేను లేపుతాను, ఆ అలారం పెట్టకండి," అంది.

మర్నాడు ఆదివారం, వేరే అతిథులు. ఒడ్డున బుల్లమ్మ నన్ను చూసి కర్ర ఇసకలో గుచ్చి నిలబడింది. ఏమంటుందో అని తల వంచుకున్నాను. "ఏటి మేస్టారూ, మా ఇంటోడి కాలు ఇయాల పనికొస్తాదా, నేకపోతే ఇరగ్గొట్టీమంటారా?" అంది. దణ్ణం పెట్టాను. ఆవిడ అలా తిట్టినందుకు నిజంగానే సంతోషించాను.

మొగ దగ్గర ఇంజను ఆగింది. ఎడమ పలక మీద మడమ పడింది. ఏడాదిగా అలవాటైన తిట్టు నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగి ఎడమకి తిరిగాను. బురద మీద, తోకాడిస్తూ, ముక్కు తెరుస్తూ మూస్తూ, చప్పుడు లేని ఉల్లంకి. అతిథులకి దాని పేరూ, ఊరూ చెప్పాను.

వెనక నుంచి గంగులు మెల్లిగా తనలో తాను పలుక్కోవడం వినపడింది. అతని గొంతు బొంగురు, అది నాకు ఇంకా వినపడుతుంది. "కామన్ సేండు పేపర్."

ఒక్కో పేరూ అతనికి వస్తున్నకొద్దీ పడవలో నా చోటు అంతంత తగ్గుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు.

"పేపర్ కాదు, పైపర్," అన్నాను వెనక్కి తిరిగి. "మళ్లీ చెప్పు."